ఎలుక కుట్టిన ఆరు చెప్పులు

ఊరికే దొరికిందంటే ఎగబడతావే, అది చేసినవాడెవడో ఒక్కసారైనా అడిగావా? ఆ ఫోన్ పక్కన పడేసి మండపేట ఉదయ్‌భాస్కర్ సంగతి విను.

మిల్లుల రోడ్డులో 'ఉదయ్‌భాస్కర్ వీడియోస్' అని అతనికో చిన్న షాపుండేది. ఆషాఢంలో ఓ మధ్యాహ్నం, వడ్లు ఉడికే వాసన గదంతా కమ్ముకున్న వేళ, నెట్‌లోంచి ఓ పాత కార్టూన్ దించాడు. వందేళ్ళ నాటిది. మాట లేదు, పాట లేదు. నల్లటి ఎలుక ఒకటి కూర్చుని బుల్లి చెప్పులు కుడుతుంది. ఆరు కుట్టి వరసగా పెడుతుంది. చివర్లో బొమ్మలు గీసినవాడి పేరు. అంతే.

పెళ్ళి వీడియో కోసం వచ్చిన రిటైర్డ్ మాస్టారు కుక్కుటేశ్వరరావు గారు కింద ఇంగ్లీషులో ఉన్నది చదివారు.

"పబ్లిక్ డొమైన్ అట. హక్కుల గడువు తీరిపోయింది, ఎవరైనా వాడుకోవచ్చు. ఆ పేరు మాత్రం ఉంచవయ్యా."

"ఎందుకండీ? సమాధిలోంచి లేచొచ్చి కేసేస్తాడా ఏంటి?"

"కేసు కాదయ్యా. ఆ మనిషికి మిగిలింది అదొక్కటే."

ఆయన గడప దాటగానే ఆ పేరు కోసేశాడు. ఆ చోట తన పేరు పెట్టి తన యూట్యూబ్ ఛానెల్లో వదిలాడు.

ఆకాశం మూసుకొచ్చింది. కరెంటు పోయింది. ఇన్వర్టర్ మీద స్క్రీన్ ఒక్కటే వెలుగుతోంది.

టిక్... టిక్...

తోలులో సూది దిగే చప్పుడు. మూగ బొమ్మకి చప్పుడేంటి? స్పీకర్ వైరు పీకేశాడు.

టిక్...

ఎలుక తలెత్తి అతని వంక చూసింది. లేచి, అతని పేరు దగ్గరికి నడిచింది. సూదితో 'ఉ' ఊడదీసింది. చెప్పు అడుగున పెట్టి కుట్టింది. తరవాత 'ద'... స్విచ్ నొక్కాడు. ఆగలేదు. ఆరో చెప్పు పూర్తయ్యాకే స్క్రీన్ ఆరింది.

బయటికి పరుగెత్తి చూస్తే బోర్డు మీద 'వీడియోస్' ఒక్కటే ఉంది.

గబగబా షట్టర్ దించేశాడు. మరి గీసినవాడి పేరు తిరిగి పెట్టాడా? లేదు. చూసేవాళ్ళు పెరుగుతున్నారని ఊరుకున్నాడు.

ఇంట్లో ఎవరూ ఏమీ గమనించలేదు. తల్లికి అతను 'అబ్బాయి'. భార్య మీనాకుమారికి 'ఏవండీ'.

మర్నాడు తండ్రి తద్దినం. రాజమండ్రి రేవులో పిండాలు సిద్ధం చేసి పంతులు గారు అడిగారు.

"గోత్రం చెప్పారు, సరే. కర్త పేరు చెప్పండి బాబూ."

నోరు తెరిచాడు. ఏమీ రాలేదు. మళ్ళీ తెరిచాడు...

"నువ్వు చెప్పవే," అని భార్య చెవిలో గొణిగాడు.

పన్నెండేళ్ళ కాపురంలో మొగుడి పేరు పలకని మనిషి ఆ రోజు పలకబోయింది. పెదాలు కదిలాయి. ముఖం పాలిపోయింది.

"ఏవండీ... మీ పేరేంటండీ?"

పేరు లేని చేతి నీళ్ళు తండ్రికి చేరవని పంతులు గారు అతని వేలి దర్భ తీయించేశారు. పిండాలు అలాగే ఉండిపోయాయి. ఆ ఏడే కాదు, ఆ తరవాతా ఏ ఏడూ ఆ తండ్రికి ముద్ద అందలేదు.

ఆ రోజు రేవు మెట్ల మీద మాత్రం తడి అడుగులున్నాయి. బొటనవేలంత చెప్పులవి. ఆరు. నీళ్ళలోంచి పైకొచ్చి, పిండాల దగ్గర ఆగాయి. ఒక్కో అడుగులో ఒక్కో అక్షరం. అతను వంగి చూశాడు. చదవడం రాలేదు.