చెప్పని నొప్పికి సున్నా

ఎనిమిదింటికి వార్డులోని పలుకుమంచాలన్నీ ఒక్కసారే అడిగాయి: "నొప్పి ఎంతుంది? సున్నా నుంచి పదిలోపు చెప్పండి." తొమ్మిది మంచాల మీదివాళ్ళు జవాబిచ్చారు. పదో మంచంమీది పైడితల్లి, తుంటి ఆపరేషన్ అయిన డెబ్బయ్యేళ్ళ మనిషి, పెదవి విప్పలేదు. గోడపలకలో మాత్రం ఆమె పేరు పక్కన సున్నా వెలిగింది.

తనిఖీకి వచ్చిన ఇంజనీరు సునంద ఆ సున్నా దగ్గరే ఆగిపోయింది. ఆ సున్నా పెట్టించింది తనే.

మంచాల ప్రోగ్రాం పాత భాషలోది. నొప్పిని బట్టి మందిచ్చే మందుగూడుది కొత్త భాష. రెంటికీ మధ్య దుబాసి ప్రోగ్రాం రాయాల్సి వచ్చినప్పుడు, తోటి ఇంజనీరు కోదండపాణి ఉత్తరాల పద్ధతి నయమన్నాడు. ఒకటి రాసి పంపితే రెండోది చదువుకుంటుంది. ఆలస్యమే గానీ, "జవాబు లేదు" అన్న మాట కూడా ఉన్నదున్నట్టు అందుతుంది. సునంద నేరుపిలుపు కావాలని పట్టుబట్టింది. రెండూ ఒకే జ్ఞాపకాన్ని పంచుకుంటాయి, రెప్పపాటులో పని. కాకపోతే అందులో అంకె ఉండాల్సిన చోట ఖాళీ కుదరదు.

"మరి ఖాళీ వస్తే?" అన్నాడతను.

"సున్నా పెడతాను. కొంపలేం మునగవు," అని నవ్వింది. ఆ వేగానికి మెప్పు కూడా పొందింది.

ఇప్పుడు చూస్తే పైడితల్లి పేరు పక్కన తొమ్మిది రోజులుగా అన్నీ సున్నాలే. ఒక్క మోతాదు మందు పడలేదు. సున్నా ఉన్న మంచం దగ్గర నర్సులూ ఆగలేదు.

సునంద స్టూలు లాక్కుని కూర్చుంది. "నొప్పిగా ఉందా అమ్మా?"

"పేనం పోతందమ్మా," అంది పైడితల్లి, కళ్ళనిండా నీళ్ళతో.

"మంచం అడిగితే చెప్పలేదేం?"

"మంచానికి సెప్పుకుంటామేటమ్మా? మనిసొచ్చి పక్కన కూకుంటే సెప్దామని సూస్తన్నాను."

సునంద నర్సును పిలిచి సూది వేయించింది. కోదండపాణికి ఫోన్ చేసి దుబాసిని ఆపించింది. "తప్పు నాదమ్మా. మీరు చెప్పకపోతే నొప్పి లేదని రాయించింది నేనే," అంది పైడితల్లి వైపు తిరిగి.

పైడితల్లి ఆమె చెయ్యి పట్టుకుంది. "నువ్వేటి సేసినావమ్మా? ఇన్నాళ్ళకి అడిగింది నువ్వొక్కదానివే."

తిట్టినా బాగుండేదనిపించింది సునందకు.

పై అంతస్తులో సున్నా వెలిగిన మంచాలు ఇంకా పదిహేడున్నాయి. వాటిలో ఏది నిజం సున్నాయో, ఏది చెప్పుకోలేని నొప్పో దుబాసి ఎక్కడా రాసిపెట్టలేదు. సునంద స్టూలు చేత్తో పట్టుకుని మెట్లెక్కింది.