దిగువకోట గుమ్మం

గుండ్లదుర్గాన్ని శత్రుసేన చుట్టుముట్టి నాలుగు నెలలైంది. కొండ కింద కనుచూపు మేర గుడారాలు, ఏనుగులు, వంటల పొగలు. కొండమీద కోటలో మాత్రం ఒక్కొక్క పొయ్యే ఆరిపోతోంది. ధాన్యం చాలదని మంత్రి దేచన ప్రెగ్గడ రాజుకొక ఉపాయం చెప్పాడు: దిగువకోటలోని పనివాళ్లను పిల్లాజెల్లాతో సహా బయటికి గెంటేయాలి. శత్రువు కత్తులకు వాళ్లేమైపోతారో ఆయనకు పట్టలేదు.

ఆ కొలువులో ఒక ఆచారముండేది. రాజు తాంబూలం నమిలినంతసేపే మనవి వింటాడు. ఉమ్మేస్తే మనవి ముగిసినట్టే. నోరు పండేలోగా వేయిమంది బతుకులు తేలిపోవాలి! ఇంత దిక్కుమాలిన ఆచారం ఎవడు పెట్టాడో గాని, పెద్ద పీటల మీద కూర్చున్నవాళ్ల చెవులు అన్ని కాలాల్లోనూ ఇలాగే ఏడిశాయి. సరే, అదలా ఉంచుదాం.

సేనాపతి కాటయ నాయకుడు అడ్డుపడబోయి, మొదటి మాటకే కేకలేశాడు. రాజు ఉమ్మేశాడు. పక్షం రోజుల్లో ఆజ్ఞ మీద ముద్ర పడుతుందన్నాడు.

"నా నోరే అంత, ముప్పమా!" అన్నాడు కాటయ ఇంటికొచ్చి.

"కత్తి ఒక్కనాటిలో పట్టారా?" అంది భార్య. "రోజూ పొద్దున్నే ఒక్క మనిషిని ఒక్క పని అడగండి. ఆజ్ఞాపించకూడదు. ముందు వాడి కష్టం వినాలి, తర్వాతే మీ మాట."

మర్నాడు ఆయన దిగువకోట గుమ్మం కావలివాడి దగ్గరికి పోయి, "బొల్లయా, ఆ గడియకు కాస్త నూనె పెడతావా, నాయనా?" అన్నాడు.

"దొరకు జ్వరం గాని తగల్లేదు కదా!" అన్నాడు బొల్లయ. కావలివాళ్లంతా పగలబడి నవ్వారు. అయినా ఆయన మానలేదు. రోజుకొకడు. ఎవడి మోకాలు నొస్తోందో, ఎవడి కూతురు నీళ్లాడబోతోందో అన్నీ తెలిశాయి.

గడువునాడు కొలువులో మెల్లగా అన్నాడు: "ప్రభూ, మంత్రిగారన్నట్టు ధాన్యం లేని మాట నిజం. మీ బెంగా నాకు తెలుసు. ఒక్కటే అడుగుతాను. దిగువకోటలో ఒక ఇల్లంతా తినేంత నా రౌతు ఒక్కడూ, వాడి గుర్రమూ తింటాయి. బయటికెవరు పోవాలి?"

రాజు నమలడం ఆపాడు.

"సేనాపతిగారు ముద్దుపలుకులు నేర్చారే!" అన్నాడు దేచన. "రౌతులు పోతే మీ సింహాసనానికి కాపెవరు ప్రభూ?"

ముప్పై ఏళ్లుగా సాధన చేసిన నాలుక అది. రాజు ఉమ్మేసి, ఆజ్ఞ మీద ముద్ర వేశాడు.

కాటయ ఒళ్లంతా కోపంతో కాలిపోతూ గుమ్మం దగ్గరికి నడిచాడు. ఆజ్ఞ అప్పటికే అక్కడికి చేరింది. కావలివాళ్లు బల్లేలు నేలమీద పెట్టి నిలబడ్డారు.

"మేం గెంటం దొరా," అన్నాడు బొల్లయ. "మీతో రమ్మంటే మాత్రం వస్తాం. అడగండి."

అడిగితే చాలు, అందరూ వస్తారు. అది ఆయనకు తెలుసు.

"అడగను," అన్నాడు కాటయ. "ఆ ముద్ర పట్టుకొని ప్రెగ్గడ మళ్లీ వస్తాడు. కాదనడానికి ఇక్కడ మీరుండాలి."

తమంతట తాము కదిలిన మూడువందల రౌతులతో ఆయన కొండ దిగాడు. పొద్దుగుంకేసరికి శత్రువుల ధాన్యపు గుడారాలన్నీ బూడిదయ్యాయి. మూడోనాడు ముట్టడి లేచిపోయింది. వెళ్లినవాళ్లలో ఒక్కడూ తిరిగి రాలేదు.

ప్రభువు దయవల్ల దిగువకోట బతికిందని శిలాశాసనం వేయించమన్నాడు రాజు. దేచన మాటలు కూర్చాడు. గుమ్మం పక్కన నల్లరాయి నిలబెట్టారు. రాయి చెక్కేవాళ్లంతా దిగువకోటవాళ్లే. రాజభటులు ఇంటింటికీ తిరిగారు. ఒక్కడూ ఉలి పట్టలేదు.