దిష్టిమంట

ఓబులమ్మ ఒంగి వెనక చక్రం నడిమి ఇనుము మీద అరచెయ్యి ఆనించింది. గోరువెచ్చగా ఉంది. అవతలి పక్కకు పోయి అక్కడా చూసింది, అదే వేడి. ఒక చక్రం కాలిపోతూ రెండోది చల్లగా ఉంటే, ఎక్కడో బ్రేకు రాసుకుంటున్నట్టు లెక్క. రాసుకునే బ్రేకంత దొంగ మరొకటి లేదు. అది ఇంట్లో కూర్చునే నూనె తాగేస్తుంది. ఓబులమ్మ బండిలో అలాంటి దొంగలకు చోటు లేదు.

"బంగారం" అంది బండితో. ఆమె బండిని పొగిడేటప్పుడు ఎవరైనా వింటారేమోనని చూసుకోదు. వింటే ఇంకా మంచిదే.

బండి కడుపులోని నీళ్ళు నేరేడుకొట్టాల ఊరి తొట్టిలోకి దిగుతున్నాయి. తొట్టి గట్టు మీద ఎల్లక్క కూర్చుని ఉంది. చుట్టూ మేకలు. ఈ కొట్టాలకు పెద్దదిక్కు ఆవిడే. ఎండగొడుగు కూడా తెరవకుండా నీళ్ళనే చూస్తోంది.

"రేపు గుడారాలకు తీస్కపోయే బండొస్తాదంట. మేకల్ని ఎక్కించుకోరంట. వీటిని ఏం జేయాల్నో చెప్పలేదు" అంది ఎల్లక్క.

ఈ ఏడు కానుగ తోపులు సరిగా కాయలేదు. నూనె తగ్గింది, నీటిబండ్ల వాటాలు తగ్గబోతున్నాయి. తగ్గిన వాటాతో బండి ఎంత దూరం పోయి రాగలదో వాటాలు పంచే యంత్రం పెద్దలెక్క ముందే గీసి చూపించింది. నేరేడుకొట్టాల ఆ గీతకు బయట పడింది. బయట పడిన ఊరికి నీళ్ళుండవు. నీళ్ళు లేని ఊరిని ఎత్తేస్తారు. ఈ మధ్యాహ్నం బండ్లలో మిగిలిన నూనె తూకమైపోతే గీత ఖాయమవుతుంది.

ఏం మాట్లాడాలో తోచక, ఓబులమ్మ తనకు బాగా వచ్చిన మాటే మాట్లాడింది. "నా బండికి ఇది ఒక దూరమా పెద్దమ్మా? ఈడికొచ్చి పోయినా నూనె మిగుల్తాది. ఇంకో కొండ దాటమన్నా దాటొస్తాది."

ఎల్లక్క తలెత్తి చూసింది. ఎగతాళి లేదు, కోపమూ లేదు. "మిగిలేదైతే మా ఊరు దూరమెట్లాయె?"

తొట్టి నిండింది. ఓబులమ్మ గొట్టం చుట్టి బండెక్కింది.

తిరుగుదారిలో ఆమె ఎప్పటిలాగే నడిపింది, కడుపులో చల్ల కదలకుండా. దిగుడు కనిపించగానే కాలు ఎత్తేసి బండిని దాని బరువుకే వదిలింది. ఎక్కుడుకు ముందు మెల్లగా ఊపు తెచ్చుకుంది. బ్రేకు తొక్కితే అప్పటిదాకా కాల్చిన నూనె బూడిద చేసుకున్నట్టే అని ఆమె నమ్మకం. పొద్దునే చక్రాలు చల్లగా ఉన్నప్పుడు గాలి కొలిచి నింపుతుంది. దుమ్ము జల్లెడను రోజూ దులుపుతుంది. దుమ్ముపట్టిన ఇంజను నోరు మూసి పరుగెత్తమన్న మనిషిలా ఆయాసపడుతుందని ఆమెకు తెలుసు. బండికి ఎవరో తగిలించిన ఇనుప అలంకారాలన్నీ పీకి పారేసింది. నీళ్ళతొట్టికీ ముందు గదికీ మధ్య ఖాళీలో గాలి సుడి తిరగకుండా పాత పీపా రేకు వంచి బిగించింది. కానుగనూనె చలికి చిక్కబడి సగం కాలి సగం మసి అవుతుంటే, నూనె గొట్టాన్ని ఇంజను వేడినీళ్ళ గొట్టానికి ఆనించి తిప్పింది. ఇందులో ఏదీ బ్రహ్మవిద్య కాదు. అందరికీ తెలిసినవే, ఎవరూ చేయనివి. అసలు చేసినా లాభమేముంది అనే మాట బండ్లవాళ్ళలో ఎప్పటి నుంచో ఉంది.

ఆ మాటకు కారణం తూకం. వాటాలో నూనె మిగిలినట్టు తేలితే, ఈ బండికి అంత అక్కర్లేదని పెద్దలెక్క మరుసటి వాటా కోసేస్తుంది. పైగా అన్నిటికన్నా బాగా నడిచిన బండినే కొలబద్దగా పెట్టుకుని మిగతా అందరికీ అదే కత్తెర వేస్తుంది. అందుకని తూకానికి ముందు బండ్లన్నీ మైదానంలో వరసగా నిలబడతాయి. మూతలెత్తి, ఇంజన్లు నిలబెట్టిన చోటే రొద పెడుతూ, మిగులును కాల్చేస్తాయి. దాన్ని వాళ్ళు దిష్టి తీయడం అంటారు. పెద్దలెక్క కన్ను బండి మీద పడకూడదట. ముందు చక్రం కింద నిమ్మకాయ పెడతారు. నూనె అడుగంటాక దాన్ని చిదిపి తూకంగట్టు ఎక్కుతారు. అమావాస్యకు గుమ్మడికాయ కొట్టినంత నిష్ఠగా ఎన్నో ఏళ్ళుగా జరుగుతోంది. ఓబులమ్మ కూడా ఏనాడూ తప్పలేదు.

మిగిలేదైతే మా ఊరు దూరమెట్లాయె?

గుట్ట మలుపు తిరుగుతుండగా ఆమెకు విషయం అర్థమైంది. అర్థమయ్యాక ఒళ్ళు మండింది. మైదానంలో కాల్చిన నూనె కూడా దారిలో తాగిన నూనె కిందే లెక్కకు వస్తుంది కదా. ఇంత మంచి బండిని పెట్టుకుని, ఇది ముసలిది, తిండిపోతు అని తూకం తూకానికీ తన చేత్తోనే సాక్ష్యం ఇస్తోంది. ఆ సాక్ష్యం పట్టుకునే పెద్దలెక్క గీత గీసింది. పాపం దానికేం తెలుసు?

మైదానం చేరేసరికి అప్పటికే వరస నిలిచి ఉంది. పొగతో కళ్ళు మండుతున్నాయి. కుళ్ళాయప్ప తన బండి పక్కన చోటు పెట్టి ఉంచాడు, నిమ్మకాయ కూడా సిద్ధం చేశాడు. ఇద్దరూ ఒకే రోజు పనిలో చేరినవాళ్ళు. ఓబులమ్మ బండి నిలిపి, తాళం తిప్పి ఇంజను ఆపేసింది.

"ఏమక్కా, ఆగిపాయెనా?"

"నా బండి ఎందుకాగిపోతాది? నేనే ఆపినా."

కుళ్ళాయప్ప నూనెపుల్ల తీసి చూశాడు. అతని ముఖం మారింది. "ఇంత మిగులుతో గట్టెక్కుతావా? నీ వాటా ఒక్కటే గాదు, మా అందరిదీ కోస్తాది. తెలీదా నీకు?"

"తెలుసు. వాటా కోస్తాది, గీత దూరం జరుపుతాది. నేరేడుకొట్టాల లోపలికొస్తాది."

"నీ బండి పోతాది. నాది సగం దార్లో నిలబడితే నన్నెవరు తోసుకొస్తారు? నీ గొప్పకోసం మా నోట్లో మన్ను కొడతావా?"

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. అందులో న్యాయం ఉంది. కానీ గొప్ప అన్నందుకు మాత్రం ఆమె సిగ్గుపడలేదు.

"గొప్పే కుళ్ళాయప్పా. నాకీ బండంటే గొప్పే. ఇన్నేండ్లు ఆ గొప్పను నేనే కాల్చి పొగ జేసినా. ఇంక నా వల్ల గాదు" అంది. "నీ బండి నిలబడదు. నిలబడకుండా చేసే పూచీ నాది. నమ్మితే నమ్ము, లేకుంటే తిట్టుకో."

అతను తిట్టలేదు, నమ్మినట్టూ కనిపించలేదు. నిమ్మకాయను మాత్రం పక్కకు తీశాడు. ఓబులమ్మ బండి కదిలింది.

తూకంగట్టు దగ్గర తూకం చూసే దాదాపీర్ కూర్చుని ఉన్నాడు. మంచివాడు. దిష్టి తీసే పొగ తన గదిలోకే వచ్చినా ఎన్నడూ పైకి చెప్పనివాడు. ముల్లు చూసి, గొంతు తగ్గించి, "ఓబులక్కా, మిగులుండాది. మర్చిపోయినట్టుండావు. వెనక్కి తీస్కపో, నేనింకా మీట నొక్కలేదు" అన్నాడు.

"మర్చిపోలేదు దాదాపీరన్నా. నొక్కు."

అతను ఆమె ముఖంలోకి చూసి, తర్వాత నొక్కాడు.

అతని గది గోడ మీద, బండ్లు పోగల దూరాన్ని చూపే పరిధిపటం మసకబారింది. పెద్దలెక్క గొంతు వినిపించింది, ఎప్పటిలాగే తడీ పొడీ లేని గొంతు. "నీటిబండి. మిగులు నమోదైంది. కారణం ఎంచుకోండి. చౌర్యం. కొలతలోపం."

దాదాపీర్ తానేం చేయలేనన్నట్టు చేతులు చాపాడు. దానికి తెలిసిన కారణాలు ఆ రెండే. చౌర్యమంటే ఆమె పని పోతుంది. కొలతలోపమంటే తూకం కొట్టేస్తారు, గీత పాతచోటే ఉంటుంది, నేరేడుకొట్టాల రేపు ఖాళీ అవుతుంది.

ఓబులమ్మ కిటికీలోంచి తల బయట పెట్టింది. "రెండూ గాదు. బండి బాగుంది. నేను బాగా నడిపినా."

"కారణం గుర్తించలేదు. ఎంచుకోండి."

"గుర్తించకపోతే నేర్చుకో. బండి బాగుంది. నేను బాగా నడిపినా. నమ్మకపోతే నీ గట్టు మీదున్న బండిని విప్పి చూసుకో, నట్టు నట్టూ చూసుకో."

గట్టు కింద నుంచి వెలుగు లేచి బండి అడుగంతా పాకింది. వంచిన రేకు మీద ఆగింది. నూనెగొట్టం మీద ఆగింది. చక్రాల మీద చాలాసేపు ఆగింది. వరసలో రొద తగ్గింది. ఏం జరుగుతోందో చూద్దామని కొందరు ఇంజన్లు ఆపి దిగి వచ్చారు. ఓబులమ్మ పెళ్ళిచూపుల్లో కూతుర్ని చూపించే తల్లిలా తలెత్తుకునే ఉంది.

"కారణం చేర్చబడింది" అంది పెద్దలెక్క. "బాగు."

పటం మీద గీత కదిలింది. మెల్లగా, నీళ్ళు ఇసకలోకి పాకినట్టు బయటికి పాకింది. నేరేడుకొట్టాల పేరు వెలిగింది. ఆ మేకలకు ఇంక ఎవరూ ఏమీ చేయనక్కర్లేదు.

కానీ గీత అక్కడ ఆగలేదు. నేరేడుకొట్టాల దాటి ఇంకా పోయింది. ఎప్పుడో కొట్టేసిన పేర్లు ఒక్కొక్కటే వెలగసాగాయి. జనం గుడారాలకు పోయి, తలుపులు ఊడి, పేరు చెప్పేవాళ్ళు కూడా లేని ఊళ్ళు. అవి నిజంగా దూరమైనవి కావు. అక్కడిదాకా పోగలిగే నూనెను ఇన్నేళ్ళూ ఇక్కడున్న వాళ్ళందరూ ఈ మైదానంలోనే కాల్చారు. తిలా పాపం తలా పిడికెడు. ఎవరూ పక్కవాడి ముఖం చూడలేదు. చివరి ఇంజను కూడా ఆగిపోయింది.

కుళ్ళాయప్ప పటం దగ్గరికి నడిచాడు. ఒక పేరు మీద వేలు పెట్టాడు. "మాకులపల్లె" అని చదివాడు. "మా అమ్మోళ్ళ ఊరు" అన్నాడు. "గుడారాల్లోనే పాయె మాయమ్మ. ఆ ఊరికి నీళ్ళు రావని నాతోనే చెప్పించినారు."

ఓబులమ్మ బండి దిగి అతని పక్కన నిలబడింది. ఆ క్షణం ఆమెకు గర్వం లేదు, అతని భుజం మీద చెయ్యి మాత్రం ఉంది.

"మాకులపల్లె పరిధిలో ఉంది" అంది పెద్దలెక్క. "జలవాటా సిద్ధం. పుచ్చుకునేవారు లేరు. బండి పంపాలా?"

అది ఇంతకుముందు ఎవరినీ ఏమీ అడగలేదు. దాదాపీర్ ఏ మీట నొక్కాలో తెలియక అలాగే ఉండిపోయాడు.

"పంపు" అన్నాడు కుళ్ళాయప్ప. "తొట్టి నింపొస్తా. నీళ్ళుండాయని తెలిస్తే గుడారాల నుంచి వాళ్ళే వస్తారు. నేను పోతా."

ఓబులమ్మ చొక్కా చేతులు పైకి మడుచుకుంది. "ఆ బండితో అంత దూరం పోలేవు" అంది. "ఇంజను మూత ఎత్తు."