గడప దగ్గర మనిషి

గోవిందయ్య తెల్లారుజామునే చెనక్కాయల చేనికి వెళ్లి, ఎండ ఎక్కకముందే ఇంటికి తిరిగొచ్చాడు. కాళ్లు కడుక్కుని, దీపంగూట్లో చెయ్యి పెట్టి పొగాకు తిత్తి తీసుకున్నాడు. మూడేళ్ల కిందట, భార్య తిరుమలమ్మ దినాలు అయిన మరునాడు, ఆ గూట్లోని దీపాన్నీ పటాన్నీ తీసి అటకమీద పడేశాడు. అప్పటినుంచి అది పొగాకు గూడు. కోడలు దేవకమ్మ దండం పెట్టుకోవాలంటే వాకిట్లోకి పోయి సూర్యుడికి పెట్టుకునేది.

ఆ రోజు టీకాలాయన వస్తాడని ముందురోజే దండోరా వేశారు. పాకాల చుట్టుపక్కల రెండు పల్లెల్లో మశూచి మొదలైంది. కొడుకు శ్రీనివాసులు పాకాలలో రైలు షెడ్డు పనిలో ఉన్నాడు, వారానికోసారి వస్తాడు. నాలుగేళ్ల మనవరాలు చంద్రకాంతానికి టీకా వేయించే బాధ్యత తనదేననుకున్నాడు గోవిందయ్య. పిల్ల మాత్రం ఇంట్లో లేదు.

"బిడ్డ యాడ?" అని అడిగాడు.

దేవకమ్మ సంకటి కెలుకుతూ తల ఎత్తలేదు. రెండోసారి అడిగితే, గంగులమ్మవ్వ దగ్గరుండాదని చెప్పింది.

గంగులమ్మ పోలేరమ్మ గుడి పూజారిణి. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. నాలుగేళ్ల కిందట టీకాలాయన వస్తే, అమ్మకు కత్తిగాటు గిట్టదని చెప్పింది ఆమే. ఊరు ఊరంతా చేలల్లో దాక్కుంది. మరుసటి ఎండాకాలం తిరుమలమ్మకు అమ్మవారు పోసింది.

"మీ అత్త ఎట్ల పోయిందో తెలుసు గదా," అన్నాడు గోవిందయ్య. "మళ్లీ దాని మాటే ఇంటావా?"

"అవ్వ సరే అంటే ఏపిస్తాను మామా. అనకుండా ఏపించలేను."

"రాయికి కోపమొస్తాదా?"

"అమ్మ ఉండాదో లేదో నాకు తెలీదు. ఉండి కోపం చేసుకుంటే పొయ్యేది నా బిడ్డే."

"లేకపోతే?"

దేవకమ్మ తెడ్డు పక్కన పెట్టింది. "లేకపోయినా నా బిడ్డే మామా. రెండు పక్కలా నా బిడ్డే ఉంటే నేను ఎటు పోవాల?"

 కోడలు కొంగుతో ముఖం తుడుచుకోవడం చూసి, గోవిందయ్య తువ్వాలు భుజాన వేసుకుని బయటికి నడిచాడు.

పోలేరమ్మ గుడి ఊరి చివర, మూరెడు గోడల మధ్య నిలబెట్టిన రాయి. గంగులమ్మ దాని ముందు ఊడుస్తోంది. డెబ్బై ఏళ్లుంటాయి. చంద్రకాంతం రాలిన వేపపళ్లు ఏరి రాయి ముందు వరసగా పేరుస్తోంది. తాతను చూసి నవ్వి, మళ్లీ తన పనిలో పడింది.

దారిలో కూడబెట్టుకున్న మాటలన్నీ గోవిందయ్య ఒక్కసారే అనేశాడు. నీ మాట విని నా ఇల్లు కూలింది, నా పెండ్లాన్ని చంపింది నువ్వే అన్నాడు.

గంగులమ్మ చీపురు గోడకు ఆనించింది.

"అయ్యుంటాది," అంది. "ఆ పొద్దు సూది ఏపించుకోనుంటే బతికుండునేమో. నన్ను కన్న తల్లి నాకు సెప్పింది, నేను మీకు సెప్పినాను. రోజూ తలుసుకుంటా నాయనా."

ఆమె కాదంటుందనుకుని వచ్చాడు. ఔనన్న మనిషిని ఏం చేయాలో అతనికి తెలియలేదు. కోపం ఇంకా మిగిలే ఉంది.

"నీ మాట మీదే కదా నేను ఇల్లు వదిలి చేనికాడ పండుకున్నా," అన్నాడు. "అమ్మవారున్న ఇంట్లో మొగుడు ఉండకూడదంటివి."

"పక్కన పండుకోవద్దంటిని. గడప దగ్గర కూర్చోవద్దని నేను సెప్పలేదే."

 అది నిజమని గోవిందయ్యకు మూడేళ్లుగా తెలుసు. పొక్కులు చూసి భయపడ్డాడు. ఆ భయానికి గంగులమ్మ చెప్పిన నియమం అందివచ్చింది. పదమూడు రోజులు చేని గుడిసె దాటి రాలేదు. కొడుకు కోడల్నీ పసిబిడ్డనూ పాకాలకు తీసుకుపోయాడు. చుట్టాలూ రాలేదు. చీము తుడిచింది, వేపాకు పరుపు మార్చింది, గంజి పట్టింది ఈ ముసలామె ఒక్కతే.

"నీకు భయం లేకపోయెనా?" అని అడిగాడు.

"ఎందుకుండదు? వొట్టి రోగమే అనుకోనుంటే నేనూ పారిపోయుందును. అమ్మ వచ్చి పండుకోనుండాది, నేను సేవ చేస్తాండాననుకున్నా. అందుకే కాళ్లు నిలబడినాయి."

గంగులమ్మ మళ్లీ అంది. "కడాకు దానికి సూపు పోయింది. మా ఆయన యాడని అడగతానే ఉండె. గడప బయటే కూర్చోనుండాడు, కదల్లేదు అని సెప్పినా. అమ్మ ఎదురుగా అబద్ధమాడినా నాయనా. అది నమ్మి, నవ్వుమొగంతో పోయింది."

గోవిందయ్య గోడ పట్టుకుని కూర్చున్నాడు. తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. చంద్రకాంతం వచ్చి ఒక వేపపండు అతని ఒళ్లో వేసి పోయింది.

తువ్వాలుతో ముఖం తుడుచుకుని అన్నాడు. "నా కోడలు నీ మాట ఇంటాది. సూదికి అమ్మ ఒప్పుకునిందని సెప్పు."

"అమ్మ నాతో ఏమీ సెప్పలేదే. అబద్ధమాడమంటావా?"

"దానికోసం ఆడినావు గదా. ఈ బిడ్డకోసం ఇంకొకటి ఆడు."

గంగులమ్మ రాయి వైపు చూసింది. ఆమె ఏమైనా అడిగిందో, ఊరకే చూసిందో అతనికి తెలియదు. చంద్రకాంతాన్ని చంకన వేసుకుని ముందు నడిచింది.

చావిడి దగ్గర ఆడవాళ్లు ఎడంగా నిలబడి ఉన్నారు, వాళ్లలో దేవకమ్మా ఉంది. టీకాలాయన ముందు కూర్చున్నవాళ్లు ఎవరూ లేరు. గంగులమ్మ పోయి కూర్చుని, ముడతలు పడిన తన చెయ్యి చాపింది. గీరి మందు పెడుతుంటే కళ్లు మూసుకుంది. తర్వాత దేవకమ్మ వైపు తిరిగి, "అమ్మ వద్దనలేదు," అంది. అంతకుమించి ఒక్క మాట చెప్పలేదు. దేవకమ్మ వచ్చి కూతుర్ని ఒళ్లో కూర్చోబెట్టుకుంది. ఆమె వెనక మిగతావాళ్లు కదిలారు.

ఎనిమిదో రోజుకు చంద్రకాంతం చెయ్యి వాచింది, ఒళ్లు కాలిపోయింది. టీకాకు అట్లా జ్వరం వస్తుందని చెప్పే ఉన్నారు. అయినా దేవకమ్మ గుమ్మానికి వేపరెమ్మ కట్టి, మామ ఏమంటాడోనని చూసింది. అతను దాన్ని పీకేయలేదు. గూట్లోంచి పొగాకు తిత్తి తీసి రొంటిన దోపుకుని, గడప బయట గోనెపట్ట పరుచుకుని కూర్చున్నాడు. ఖాళీ గూట్లో దీపం పెట్టమనీ అనలేదు, వద్దనీ అనలేదు.

మధ్యాహ్నం అన్నానికి పిలిస్తే అక్కడికే తెమ్మన్నాడు. చేనికి నీళ్లు కట్టే వంతని మనిషి వచ్చి పిలిస్తే, ఈ రోజు రానని చెప్పి పంపేశాడు.

పొద్దు వాలుతుండగా లోపల పిల్ల మూలిగింది. "తాత యాడ?" అని అడిగింది.

దేవకమ్మ జవాబు చెప్పబోయేలోపే బయటినుంచి గొంతు వినిపించింది.

"ఈడనే ఉండానమ్మా. గడప దగ్గరే ఉండా. యాడికీ పోలేదు."