మచ్చ మీద మొలిచిన వెంట్రుకలు

"మేడం, ఈ కుక్క నాది కాదు. మీరన్నా నమ్మాలె."

కరీంనగర్ మంకమ్మతోటలోని డిటెక్టివ్ ప్రమోదిని ఆఫీసులో అడుగుపెడుతూనే శ్యామల అన్న మాట అది. ఆమె చేతిలోని గొలుసు చివర ఒక ఎర్రకుక్క బెదురుగా నిలబడి ఉంది. ప్రమోదిని కుర్చీ చూపించింది. సహాయకుడు తారక్ మంచినీళ్లు తెచ్చిచ్చాడు.

శ్యామల మందమర్రిలో బట్టలు కుడుతుంది. భర్త మొగిలి బొగ్గుగని కార్మికుడు. కిందటేడు కరీంనగర్ బస్టాండు దగ్గర ఎవరో ఒక వీధికుక్క మీద కాగే నూనె పోశారు. జంతుప్రేమికులు దాన్ని బతికించి పోలీసులకు ఫిర్యాదు చేశారు కానీ, పోసినవాడు దొరకలేదు. ఆ కుక్కనే శ్యామల తెచ్చుకొని లచ్చి అని పేరు పెట్టుకుంది.

"వచ్చినప్పుడు గజ్జితోని ఒళ్లంత బోడిగ ఉండె. మందులు పెట్టి, మంచిగ తినవెడితే వెంట్రుకలు ఒత్తుగ వచ్చినయ్. కాలిన కాడ మాత్రం రాలే. లోపల మొదళ్లే కాలిపోయినయ్, అక్కడ ఇగ రావమ్మా అన్నడు పశువుల డాక్టర్. పోయిన నెల మా అవ్వకు ఆపరేషనైతే మేమిద్దరం ఆసిఫాబాద్ పోయినం. తిరిగొచ్చి చూస్తే ఇది నన్ను ఎరగనట్టే దూరం పోతుంది. లచ్చి అట్ల కాదు, ఎవ్వలొచ్చినా తోకాడిచ్చుకుంట మీదవడేది. ఇప్పుడు చూడుండ్రి, మచ్చ మీద వెంట్రుకలు మొలుస్తున్నయ్! అందరు సంబురపడుతుండ్రు. నాకేమో భయమైతుంది."

"మచ్చ ఈ కుడి పక్కనే ఉండేదా?" అని అడిగింది ప్రమోదిని.

శ్యామల తడబడింది. "నా చెయ్యి ఎప్పుడు ఎడమ దిక్కే పోతది మేడం. కానీ ఫొటోల మచ్చ కుడి దిక్కున్నది. అది చూపెట్టి అందరు నాకే మతి తప్పిందంటుండ్రు."

ఫోన్‌లో శ్యామల, లచ్చి ఉన్న సెల్ఫీ ఒకటుంది. ప్రమోదిని వెనక గోడ మీది క్యాలెండర్‌ను పెద్దది చేసి చూసింది. తారక్ కూడా తొంగిచూశాడు. ఆ అక్షరాలు ఏ భాషవో అతనికి అంతుపట్టలేదు.

తర్వాత ఆమె నేలమీద కూర్చుని కుక్క కుడి డొక్కను తడిమింది. వేళ్లతో పడితే చర్మం మెత్తగా పైకి లేచింది. మొలుస్తున్న వెంట్రుకలన్నీ ఒకే ఎత్తున ఉన్నాయి.

"తారక్, కాలిన మచ్చ బిగుసుకుపోయి నున్నగా ఉంటుంది. ఇది మచ్చే కాదు, గొరిగిన చోటు. పద, మందమర్రి పోదాం. లచ్చి ఎక్కడుందో తేలేదాకా ఈ కేసు వదిలేది లేదు."

కార్మికుల కాలనీలో మొదట పక్కింటి హనుమండ్లును పలకరించారు. గని నుంచి రిటైరైన పెద్దమనిషి.

"కుక్క అరుస్తోందని మీరు గొడవపడ్డారట?"

"పడ్డ. నిద్ర పట్టనియ్యకపోయేది మరి. ఒకపారి రాయి సుత ఎత్తిన. గా ఎడమ పక్క బోడిమచ్చ కనవడెవరకు చెయ్యి రాలే. కింద పడేసిన."

"ఈ మాట శ్యామలతో చెప్పలేదా?"

"నన్నెవ్వలడిగిండ్రు?"

మొగిలి తల దించుకుని చెప్పాడు. "నేను గా మచ్చ దిక్కు చూడనే చూడ మేడం. గనిల కాలినోళ్లు యాదికొస్తరు. ఏ పక్కకుండెనో నాకు తెల్వదు."

వాళ్లు ఆసిఫాబాద్‌లో ఉన్నన్ని రోజులు ఇంట్లో ఉన్నది మొగిలి తమ్ముడు శ్రావణ్. ఇప్పుడు అన్న పిలిస్తే కరీంనగర్ నుంచి వచ్చాడు.

"ఏం పని చేస్తావు?"

"మిర్చి బజ్జీల బండి, మేడం."

"లచ్చిని ముందే చూశావా?"

"లే. వదినె పంపిన ఫొటోలనే చూసిన. నేనొచ్చినప్పుడు సుత సక్కగ కనవడలే. నన్ను చూడంగనే మంచం కిందికి దూరి బయటికే రాకపాయె."

ప్రమోదిని అందరినీ ముందు గదిలో కూర్చోబెట్టింది.

"శ్యామలా, నీ మతి తప్పలేదు. నీ ఫోన్ సెల్ఫీలో కుడి ఎడమలు తారుమారవుతాయి. ఆ ఫొటోలో క్యాలెండర్ అక్షరాలు కూడా తిరగబడే ఉన్నాయి. లచ్చి మచ్చ ఎడమవైపే. హనుమండ్లు గారూ చూశారు. అంటే ఈ కుక్కను గొరిగినవాడు లచ్చిని సరిగా చూడనేలేదు, ఫొటో చూసి గొరిగాడు. మచ్చ ఏ పక్కనో మొగిలికి కూడా తెలియదు కానీ, అతను నీతోపాటే ఆసిఫాబాద్‌లో ఉన్నాడు." ఆమె శ్రావణ్ వైపు తిరిగింది. "అందరి మీదా పడి ఆడే కుక్క నిన్ను చూసి మంచం కింద ఎందుకు దాక్కుంది? నీ బజ్జీల బండి ఎక్కడ పెడతావు?"

శ్రావణ్ తలుపు వైపు చూశాడు.

"బస్టాండు కాడనే పెడతడు," అన్నాడు మొగిలి. అంటూనే గిరుక్కున తమ్ముడి వైపు తిరిగాడు.

"బండి కింద పండుకున్నదని కోపంల పోసిన అన్నా," అంటూ శ్రావణ్ ఏడ్చేశాడు. "ఈడ నన్ను చూసి గజగజ వణుకవట్టె. మీకు తెలుస్తదని భయమైంది. పోయిందంటే వదినె ఊరుకోదు, పోలీసుల దాక పోతది. అందుకే అసొంటి కుక్కనే తెచ్చి, నా గడ్డం ట్రిమ్మర్‌తోని..."

"లచ్చి యాడున్నది?" అంది శ్యామల.

"రాత్రి చీకట్ల సంచిల కట్టి దోస్తు వ్యాన్ల తీస్కపోయి జైనూర్ల ఇడిసివెట్టిన."

శ్యామల చెప్పులు వేసుకుంది. "నడువు. నువ్వే చూపెట్టాలె. ఆడికెళ్లి సీదా పోలీస్ స్టేషన్‌కు. నాతోని చెప్పినట్టే ఆడ సుత చెప్పాలె."

మొగిలే తమ్ముణ్ని తీసుకెళ్లి బయట ఆగి ఉన్న ప్రమోదిని జీపు ఎక్కించాడు.

జైనూర్‌లో తారక్ ఫోన్‌లో లచ్చి ఫొటో చూపిస్తూ ప్రతి దుకాణంలోనూ అడిగాడు. చివరికి ఒక హోటల్ ఆమె పెరట్లోకి తీసుకెళ్లింది. పొయ్యి పక్కన చిక్కిపోయిన ఎర్రకుక్క లేచి నిలబడింది. శ్యామల గొంతు వినగానే తోక ఊపుతూ ముందుకు వచ్చి, ఆమె వెనక శ్రావణ్‌ను చూసి ఆగిపోయింది.

"జీపుల పోయి కూసో," అంది శ్యామల వెనక్కి తిరక్కుండానే.

శ్రావణ్ వెళ్లి తలుపు వేసుకున్నాడు. ఆ చప్పుడు విన్నాకే లచ్చి పరుగెత్తుకొచ్చి శ్యామల ఒళ్లో పడింది.