చివరి మనిషి వచ్చేదాకా

ఆదివారం ఉదయం ఆరింటికి నాన్న వంటింటి గడప మీద కూర్చుని బూటు లేసు మూడోసారి కడుతున్నాడు. ముప్పై ఏళ్లు రైల్వే గేటు దగ్గర పనిచేసి రిటైరైన మనిషి. ఇప్పుడు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి మర్చిపోతున్నాడు. పోయిన నెల పాల కోసం వెళ్లి, నాలుగు గంటల తర్వాత తన పాత గేటు దగ్గర దొరికాడు.

"మళ్లీ అడుగుతున్నా అక్కా, ఈయనకి కొండలు అవసరమా?" అన్నాడు కొడుకు. అతనికి మందుల షాపు ఉంది. నాన్న ఉండేది అతని దగ్గరే.

"కొండ కొసదాకా కాదురా, సగం దాకానే. చిన్నపిల్లలు కూడా నడుస్తారు," అంది అక్క. వారం వారం జనాన్ని ఆ దారుల్లో నడిపించడమే ఆమె పని.

"చిన్నపిల్లలు దారి తప్పితే ఏడుస్తారు. ఈయన ఏడవడు, నడుచుకుంటూ పోతాడు."

"నేనిక్కడే ఉన్నాన్రా," అన్నాడు నాన్న తలెత్తకుండా.

కొడుకు బ్యాగులో ఒక ఫారం ఉంది. మతిమరుపు ఉన్నవాళ్లను చూసుకునే హోమ్‌ది. సోమవారానికల్లా ఇద్దరు పిల్లలూ సంతకం పెట్టాలి. అతను పెట్టాడు. అక్క పెట్టలేదు.

ఎనిమిదింటికి పన్నెండు మంది దారి మొదట్లో నిలబడ్డారు. చలి పోయింది, ఎండ ఇంకా ముదరలేదు. చెట్లకు కొత్త ఆకు వచ్చింది. అక్క పద్ధతి చెప్పింది.

"నేను ముందు నడుస్తాను. దారి చీలిన ప్రతిచోటా సరిగ్గా నా వెనకున్న ఒకరు ఆగి, మిగతావాళ్లకి దారి చూపించాలి. ఆరెంజ్ జాకెట్ వేసుకున్నవాడు చివరి మనిషి. అతను వచ్చేదాకా కదలకూడదు. వచ్చాక అతనితో కలిసి నడవాలి."

జాకెట్ తమ్ముడికిచ్చింది. రెండు చీలికల దగ్గర అంతా సరిగ్గా జరిగింది. మూడోదాని దగ్గర ఆమె వెనకున్నది నాన్న.

"ఇక్కడుంటావా నాన్నా?"

"ఉంటాను. నువ్వు పో."

అదే సమయానికి కింద తమ్ముడికి హోమ్ నుంచి ఫోనొచ్చింది. ఇంకో కుటుంబం అడుగుతోందట, రేపు దాటితే గది ఉండదట. అతను రాయి మీద కూర్చుని అరగంట మాట్లాడాడు. లేచేసరికి ముందు ఎవరూ లేరు. పక్కన నిటారుగా ఒక అడ్డదారి కనిపించింది. నాన్న అక్కతోనే ఉంటాడనుకుని అటు ఎక్కేశాడు.

పైన అందరూ డబ్బాలు తెరిచి తింటున్నారు. అతను నేరుగా అక్క ముందుకెళ్లి ఫారం చాపాడు.

"పెట్టు. ఇక్కడే."

"అందరి ముందూ ఏంట్రా ఇది?"

"ఇంట్లో అడిగితే కొండ దగ్గర మాట్లాడదాం అంటావు. కొండ మీద అడిగితే జనం అంటావు. రాత్రిళ్లు తలుపుకి తాళం వేసి తాళంచెవి దిండు కింద పెట్టుకునేది నేను. నువ్వు ఆదివారం వచ్చి గారాబం చేసి పోతావు."

"తాళం వేయమని నేను చెప్పానా?"

"పోనీ, వేయకుండా నువ్వుంచుకో!"

తింటున్నవాళ్లు ఆగారు. అక్క ఏదో అనబోయి అతని వెనక్కి చూసింది.

"నాన్నేడి?"

"నీతోనేగా?"

"చివరి మనిషివి నువ్వు. మూడో చీలిక దగ్గర నిలబెట్టాను. నువ్వు తీసుకురావాలి."

కొడుకు చేతిలోని ఫారం కింద పడింది. నాన్నను అక్కడ వదిలి గంటన్నర అయింది.

ఇద్దరూ దిగడం మొదలుపెట్టారు. అతను రెండుసార్లు జారాడు. "కిందికే వెళ్లుంటాడు. రోడ్డెక్కి ఉంటాడు. రోడ్డు మీద లారీలు..." అంటూనే ఉన్నాడు. అక్క అప్పటికే పదడుగులు ముందుంది.

మూడో చీలిక కనబడింది. నాన్న అక్కడే ఉన్నాడు. ఎండలో నిలబడి, కుడిచెయ్యి పైదారి వైపు చాపి ఉన్నాడు. పక్కనే నీళ్ల సీసా, మూత తీయకుండా.

ఆయన ముందు జాకెట్ చూశాడు. తర్వాత ముఖం చూశాడు.

"ఇంత లేటేంట్రా చిన్నోడా?"

"నాన్నా, కూర్చోకపోయావా?"

"డ్యూటీలో కూర్చుంటారా? తొమ్మిది మంది దాటారు. చివరి మనిషి రాలేదు. రైలు చివరి పెట్టె దాటకుండా గేటెవడు ఎత్తుతాడు?"

కొడుకు ఆ చేతిని పట్టుకుని కిందికి దించాడు. వదల్లేదు. భుజంతో కళ్లు తుడుచుకున్నాడు.

"ఫోనొచ్చింది నాన్నా. అడ్డదారిలో వెళ్లిపోయాను. నిన్ను వదిలేశాను."

"వచ్చావుగా," అన్నాడు నాన్న. "నీళ్లు తాగు. చెమటలు పట్టాయి."

అక్క సీసా మూత తీసి ముందు నాన్నకిచ్చింది. ఆయన సగం తాగాడు.

"రేపు ఫోన్ చేసి గది వద్దని చెప్తాను," అన్నాడు తమ్ముడు మెల్లగా. "కానీ అక్కా, నేనొక్కణ్నే చేయలేను. నిద్రపోయి ఆర్నెల్లయింది."

"తెలుసుకోలేదురా. వారంలో నాలుగు రోజులు నా దగ్గరుంటాడు. రాత్రిళ్లతో సహా."

"ఏంటి గుసగుసలు? పైన జనం ఎదురుచూడరూ?" అన్నాడు నాన్న.

అక్క ముందు నడిచింది. నాన్న రెండడుగులు వేసి ఆగాడు.

"చిన్నోడా, నీ వెనక ఎవరూ లేరుగా?"

కొడుకు వెనక్కి తిరిగి, దారి వంపుదాకా చూశాడు.

"లేరు నాన్నా. నేనే చివర."

"అయితే పద," అన్నాడు నాన్న.