ఎక్కడా పెట్టని పేజీ

ఆ ఆదివారం మధ్యాహ్నం నుంచీ ముసురు పట్టింది. చేతిలో పని లేదు. నేను చిరిగిన బట్టలకు రఫూ చేస్తాను. కింద బట్టల కొట్టు నడిచినన్నాళ్లూ వాళ్లే నాకు గిరాకీ పంపేవారు. అది మూతపడ్డాక, పైన ఒక గది ఉందనీ, అందులో నేనున్నాననీ ఎవరికీ గుర్తు లేకుండా పోయింది. రోజుల తరబడి నోరు విప్పే అవసరం పడేది కాదు. ఒక్కోసారి నా గొంతు నాకే కొత్తగా వినిపించేది.

అక్క ఫోన్లో పోరు పెట్టింది. "సొంతంగా ఓ వెబ్‌సైట్ పెట్టుకోవే. నువ్వంటూ ఒకదానివి ఉన్నావని జనానికి తెలియొద్దూ?"

"నాకు అందులో ఓనమాలు కూడా రావక్కా."

"సూదిలో దారం ఎక్కించడం పుట్టగానే వచ్చిందా? విను. డొమైన్ అంటే ఇంటి అడ్రసు. హోస్టింగ్ అంటే ఆ ఇల్లు నిలబడే స్థలం, అద్దెకు దొరుకుతుంది. అన్నీ వాళ్లే అమర్చిపెట్టే కంపెనీలూ ఉన్నాయి గానీ, రెండు పేజీలకు అంత హంగామా నీకెందుకు? నేను పంపిన సాఫ్ట్‌వేర్‌లో ఫోటోలూ మాటలూ పేర్చుకుంటూ పో. స్థలం సంగతి తర్వాత చూద్దాం."

"అందాకా ఎక్కడుంటుంది?"

"నీ లాప్‌టాప్‌లోనే. నీకు తప్ప ఇంకో పురుగుకి కనబడదు. ఎన్ని తప్పులు చేసినా నవ్వేవాళ్లుండరు."

ఆ మాట నాకు ధైర్యమిచ్చింది. కిటికీ పక్కన కూర్చుని మొదలుపెట్టాను. దారపు ఉండల ఫోటో ఒకటి. చిరుగు పడ్డ శాలువా ఒకటి, బాగుచేశాక అదే శాలువా మరొకటి. కింద ఎవరైనా నాకు మెసేజ్ పంపడానికి ఒక గడి. పనిచేస్తుందో లేదోనని అందులో "బాగున్నారా?" అని రాసి పంపాను. టింగ్ మని నాకే వచ్చింది. నన్ను నేనే పలకరించుకుని నేనే మురిసిపోయాను.

తర్వాత 'నా గురించి' అన్న పేజీ. ఏం రాయాలో తోచలేదు. చాలాసేపు ఆలోచించి, ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టాను: "ఈ గదిలో నేనొక్కదాన్నే పనిచేస్తాను."

ఎలా ఉందోనని పైకి చదువుకున్నాను.

వాన ఆగింది. చూరు నుంచి చుక్కలు పడుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. గదిలో వెలుతురు సన్నగిల్లింది. ఎక్కడినుంచో తడిసిన ఉన్ని వాసన వచ్చింది. నా దగ్గర ఆ రోజు ఒక్క ఉన్ని బట్టా లేదు.

టింగ్.

మెసేజ్ తెరిచాను. "ఆ మాట తప్పు."

అక్క పనే అనుకున్నాను. నిజం చెప్పొద్దూ, ముందు సంతోషమే వేసింది. ఒకరు చూస్తున్నారు కదా అని. వెంటనే ఫోన్ చేశాను.

"ఏం తప్పు రాశానక్కా?"

"ఎక్కడ?"

చెప్పాను.

"నాకెలా కనబడుతుందే? అది ఇంకా ఎక్కడా పెట్టలేదుగా. ఆ మెసేజ్ రావాలంటే నీ లాప్‌టాప్ మీదే కొట్టాలి... ఎందుకైనా మంచిది, నెట్ ఆపెయ్."

ఆపేశాను. ఫోన్ చెవికీ భుజానికీ మధ్య ఇరికించి, చేతులు ఒళ్లో పెట్టుకుని తెర వైపు చూస్తూ కూర్చున్నాను.

కీబోర్డు మీద ఒక కీ కిందికి దిగింది. లేచింది.

మరొకటి...

హడావిడి లేదు. నాలాగే కొత్తవాళ్లెవరో అక్షరం అక్షరం వెతుక్కుంటున్నట్టు... 'నేనొక్కదాన్నే' అన్న మాట చివరినుంచి చెరిగిపోతూ వచ్చింది. దాని చోట 'మేమిద్దరం' అని పడింది.

ఉన్ని వాసన ఇప్పుడు నా భుజం మీదుగా వస్తోంది.

"అక్కా..." అన్నాను.

"నీ పక్కన ఎవరే?" అక్క గుసగుసగా అడిగింది.

"ఎవరూ లేరు."

"మరి 'నేనున్నాగా' అన్నదెవరు?"

ఎలా మెట్లు దిగానో తెలియదు. కాళ్లకు చెప్పులు కూడా లేవు. అక్కా బావా వచ్చేదాకా ఎదురు లాండ్రీలో ఇస్త్రీ బల్లను పట్టుకుని నిలబడ్డాను. బావ పైకి వెళ్లి చూసొచ్చాడు. ఎవరూ లేరన్నాడు. లాప్‌టాప్ మూసి ఉందట, కుర్చీ బల్ల కిందికి నీటుగా జరిపి ఉందట.

ఆ పేజీలన్నీ అక్కే తుడిచేసింది. గది ఖాళీ చేసి వాళ్లింటికి వచ్చేశాను. డొమైన్ కొనలేదు. హోస్టింగ్ తీసుకోలేదు. ఆ ఊసే ఎత్తలేదు మళ్లీ.

చలికాలంలో ఒకరోజు పట్టపగలు అక్కావాళ్ల గుమ్మంలో ఒకావిడ నిలబడింది. ముక్కూ మొహం తెలియని మనిషి. చేతిలో గోధుమరంగు కోటు.

"రఫూ చేసేది మీరే కదండీ? మీ వెబ్‌సైట్ చూసి కొట్టు పైనున్న గదికి వెళ్లాను. చిరుగు ఎక్కడుందో కనబడకుండా చేసిచ్చారు."

"ఎవరు?"

"మీతో పనిచేసే ఆవిడ. డబ్బులు వద్దన్నారు. ఈ ఇంటి గుర్తులు చెప్పి, ఒకసారి మీకు చూపించి వెళ్లమన్నారు."

అక్క నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. నేను కోటు అందుకుని వెలుతురులోకి తిప్పాను. వీపు మీద రఫూ చేసిన బెత్తెడు చిరుగు నా కంటికి మాత్రం ఆనింది. కుట్టు అచ్చం నాదే. వేలితో తడిమాను. అది దారం కాదు.

వెంట్రుక. కోటు రంగులోనే ఉంది. ఆ కొస నుంచి ఈ కొస దాకా వెతికాను... ఎక్కడా అతుకు లేదు. బెత్తెడు చిరుగంతా ఒక్క వెంట్రుకతోనే కుట్టారు.